నాలుగో మడిలో ఉప్పు

నమోదు 1. కార్తీకం, మొదటి వారం

మట్టి తీయడం ఈ రోజు పూర్తయింది. ఎరువు వేసే ముందు మట్టిని పరీక్షించే మట్టిపెట్టె ఏం చెబుతుందో చూడాలి.

గుమ్మడి మడులు మొత్తం నాలుగు. ఒకప్పుడు బొగ్గు తవ్వి తీసిన గ్యాలరీలో, పైకప్పు ఎత్తుగా ఉన్న చోట, దీపాల వెలుగు కింద వీటిని కట్టారు. మడికి ఒకటే తీగ, తీగకు ఒకటే కాయ. మిగతా పిందెలన్నీ చిన్నప్పుడే తుంచేస్తాం. మిగిలిన ఆ ఒక్క కాయ బొగ్గు టబ్బులో పట్టనంత అవుతుంది. దాన్ని కోసి, చెక్కి, ఒరుగులు చేసుకుంటేనే మాకు మూత కాలం గడుస్తుంది. ఫాల్గుణంలో పైన ఎండ ముదిరితే మేం బతికే ఈ గని మూతి మూసేస్తాం. వానలు పడి, ఆశ్వయుజం వచ్చేదాకా ఎవరూ పైకి పోలేరు, పైనుంచి ఎవరూ దిగలేరు.

పోయినేడు రెండు కాయలు అడుగు కుళ్లి పోయాయి. ఒకటి పగిలింది. మంచి కాయ ఇచ్చింది నాలుగో మడి ఒక్కటే. మూత కాలం చివర్లో పిల్లలకు కూడా సగం ముద్దే దొరికింది. అందుకే ఈసారి అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. పైనుంచి దిగిన ఎరువు తక్కువ. ఒక్కసారే వేయగలం. తప్పు మడిలో తప్పు ఎరువు పడితే దిద్దుకోవడానికి మిగిలేది ఏమీ ఉండదు.

ఎరువుల గది చూసుకునే ఓదెలన్న బకెట్ పట్టుకున్నాడు. ఒక్కో మడిలో అక్కడక్కడ జానెడు లోతు గుంట తీసి, గుంట పక్కను పలచగా చెక్కి బకెట్లో వేశాను. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేసి, మళ్లీ కలిపాను. గుప్పెడు మట్టి మిగిలేదాకా ఇదే పని.

నాలుగో మడి చివర, మూసేసిన గోడ ఉన్న మూలకు వచ్చేసరికి ఓదెలన్న ఆగిపోయాడు.

"గా మూల ఇడిచిపెట్టు చెల్లె. ఆడ మట్టి ఏం బాగలేదు."

"బాగున్నదో లేదో చూసెటందుకే గదా అన్నా తీస్తున్నం."

ఆయన బకెట్ కింద పెట్టి, నీళ్లు తాగొస్తానని వెళ్లిపోయాడు. నేను ఆ మూల మట్టి కూడా తీశాను.

నీళ్లకుండ మా ఇద్దరి పక్కనే ఉంది.

నమోదు 2. కార్తీకం, రెండో వారం

చీటీలు వచ్చాయి.

మొదటి మడిలో భాస్వరం తక్కువ. వేరు సాగాలంటే అది కావాలి, ఎముకల పొడి వేస్తే సరిపోతుంది. రెండో మడిలో పొటాష్ అవసరానికి మించి ఉంది. పొటాష్ మరీ ఎక్కువైతే తీగ సున్నాన్ని పీల్చుకోలేదు. సున్నం అందని కాయ అడుగు నుంచి కుళ్లుతుంది. పోయినేడు జరిగింది అదే. ఆకులు కాస్త పాలిపోయాయని బూడిద మీద బూడిద పోశాం. ఈ ఏడు ఆ మడికి చిటికెడు బూడిద కూడా వద్దు. మూడో మడి బాగానే ఉంది, మాగిన పెంట వేస్తే చాలు.

నాలుగో మడి చీటీ చూసి, వేరే ఏదో మడి చీటీ పొరపాటున నా చేతికి వచ్చిందనుకున్నాను.

నత్రజని మూడో మడికి మూడింతలు. ఉప్పేమో తీగ మాడిపోయేంతకు కాస్తే తక్కువ. కింద మట్టిపెట్టె సలహా అచ్చు వేసింది: "యూరియా వద్దు. మడిని నీటితో బాగా కడగండి." కడగడానికి నీళ్లెక్కడివి? తాగడానికే తూచి పోస్తున్నారు.

పంట తీశాక ఆ మడిలో మేము ఏమీ వేయలేదు. ఒక తీగ నత్రజని అంతా పీల్చుకుని పెరిగిన మట్టి అది. బీదగా ఉండాల్సిన చోట ఇంత సంపద ఎక్కడిది?

ముందు పెట్టెనే అనుమానించాను. మూడో మడి మట్టిని నాలుగో మడి పేరు రాసి పెట్టాను. అది మూడో మడి అంకెలే చెప్పింది. పెట్టె తప్పు లేదు.

తర్వాత బకెట్‌ను అనుమానించాను. ఓదెలన్న ఆ బకెట్లో యూరియా కొలిచి ఉంటాడా? గడ్డపార, బకెట్ రెండూ కడిగి, ఆయన్ను పిలవకుండా నేనే మట్టి తీసి, నా గదిలో నీడన ఆరబెట్టాను. మళ్లీ అవే అంకెలు.

అంటే మట్టిలోనే ఉంది. ఎవరో వేస్తున్నారు. ఎరువుల గది తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది.

నమోదు 3. కార్తీకం, మూడో వారం

ఓదెలన్నను గమనిస్తున్నాను. ఇది రాయడం నాకు బాగా లేదు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో గడ్డపార పట్టడం నేర్పింది ఆయనే.

షిఫ్ట్ మారే వేళ, గ్యాలరీలో ఎవరూ లేనప్పుడు ఆయన నాలుగో మడి దాటి గోడ దగ్గరికి పోతున్నాడు. చేతిలో ఏదో మూట. వచ్చేటప్పుడు చేతులు ఖాళీ. ఆయన వెళ్లాక నేను పోయి చూశాను. గోడ అడుగున కాస్త తడి, ఒక ఆకు, దాని మీద అంటుకున్న జొన్న గటుక మెతుకులు. ఎరువు వాసన లేదు.

చీటీ రెండో పేజీ మళ్లీ తీశాను. దాన్ని ఎవరూ చదవరు, మొదటి పేజీలో సలహా ఉంటే చాలనుకుంటారు. రెండో పేజీలో ఉప్పు ఏ రకం ఉప్పో ఉంటుంది. ఇది మనం కూరలో వేసుకునే ఉప్పు. యూరియాలో అది ఉండదు. ఓదెలన్న గదిలోని ఏ సంచిలోనూ అంత ఉండదు.

దొంగ ఆయన కాకపోవచ్చు. కానీ మూట ఏమిటి?

గోడకు దగ్గరగా, కాస్త దూరంగా, మడి ఆ చివరన వేర్వేరుగా మట్టి తీశాను. ప్రతి చోటా పైమట్టి ఒకటి, మోకాలి లోతు మట్టి ఒకటి. విడివిడిగా పెట్టెలో పెట్టాను. గోడకు దగ్గరయ్యేకొద్దీ ఉప్పు పెరిగింది. అది ఊహించాను. లోతు మట్టిలో పైమట్టి కంటే ఎక్కువ ఉంటుందని మాత్రం ఊహించలేదు.

పైనుంచి పోస్తే పైన ఎక్కువ ఉండాలి. ఇది కింది నుంచి వస్తోంది. గోడ అవతలి నుంచి.

గోడ అవతల ఏమీ లేదు. ఎనిమిదేళ్ల కింద అక్కడి పాత పనిలో, అంటే అప్పట్లో బొగ్గు తవ్విన చోట, అగ్గి అంటుకుంటే, గాలి అందకుండా ఇటుకలతో మూసేశారు. గ్యాస్ ఉందని, ఎవరూ దగ్గరికి పోవద్దని ఇప్పటికీ బోర్డు ఉంది.

నమోదు 4. కార్తీకం, చివరి వారం

సర్దార్ కనకలింగం గారి దగ్గరికి వెళ్లాను. గనిలో ఎవరు ఎక్కడ పని చేయాలో, ఎవరికి ఎంత ముద్దో, మనుషులను దింపే కేజ్ ఎప్పుడు దిగాలో చెప్పేది ఆయనే. కఠినుడని పేరు.

"మన మరుగుదొడ్ల పైపు ఏమన్న పగిలిందా సార్? నాలుగో మడిల మూత్రపు జాడ కనవడుతున్నది."

అది మూత్రమని నేను అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. నత్రజని, ఉప్పు కలిసి వచ్చే చోటు ఇంకొకటి నాకు తట్టలేదు.

ఆయన నా చీటీలు తీసుకున్నాడు. చదవలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పైపు ఆ దిక్కు లేదు."

"మరి యాడికెల్లి వస్తున్నది?"

"పాత నీళ్లు. ఎన్నడో నిలిచినయి ఊరుతున్నయి. గోడ అడుగున సిమెంట్ కొట్టిస్త. నీ మడికి ఇబ్బంది ఉండది. నువ్వింక ఆడ తవ్వకు. గ్యాస్ ఉన్నది, తెల్వదా?"

"తెలుసు సార్."

"సభల చీటీలు చదివేటప్పుడు నాలుగో మడి సంగతి చిన్నగ చెప్పు. జనం ఊకెనే భయపడ్తరు."

ఎరువు అందరిదీ కాబట్టి వేసే ముందు చీటీలు సభలో చదవాలి. అది మా పద్ధతి. ఇన్నేళ్లలో ఫలానాది చిన్నగా చెప్పమని ఏ సర్దారూ నన్ను అడగలేదు.

గదికి వచ్చి, నా దగ్గర మిగిలిన మట్టిని మళ్లీ పెట్టెలో పెట్టాను. పాత నీళ్లో కొత్త నీళ్లో తెలుసుకునే దారి ఒకటుంది. మూత్రంలోని నత్రజని మట్టిలో పడగానే పచ్చి అమోనియాగా ఉంటుంది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని కొద్ది వారాల్లోనే నైట్రేటుగా మార్చేస్తాయి. ఏళ్ల కిందటిదైతే అమోనియా జాడ కూడా ఉండకూడదు.

మడి ఈ చివరన అంతా నైట్రేటే. గోడ పక్కన సగానికి సగం పచ్చి అమోనియా.

ఈ అమోనియా ఈ మధ్యదే. గోడ వెనుక ఎవరో బతికి ఉన్నారు.

నమోదు 5. మార్గశిరం, మొదటి వారం

ఓదెలన్నను అడిగేశాను. ఎరువుల గదిలో, తలుపు దగ్గరగా వేసి.

"గోడ కాడికి ఎవలకు తీస్కపోతున్నవే అన్నా గటుక?"

ఆయన ముఖం తెల్లబడింది. "నువ్వు సూసినవా?"

"సూసిన. లోపల ఎవలున్నరు?"

"లోపలనా?" అని నా ముఖంలోకి చూసి, యూరియా సంచి మీద కూలబడ్డాడు. "మా తమ్ముడున్నడు చెల్లె. రాజనర్సు. అగ్గి లేసిన నాడు లోపల్నే ఉండె. పీనుగ తియ్యలే. తియ్యకుంటనే గోడ కట్టిండ్రు. మన్ను చెయ్యలే, పిండం పెట్టలే. సచ్చిన తిథికి ఒక్కనాడు పెడ్తుంటి. ఈ ఏడు మాత్రం రోజూ పెట్టాలనిపిస్తున్నది. గోడల నుంచి సప్పుడు వస్తున్నది. వాడే కొడ్తున్నట్టు."

"ఎట్లాంటి సప్పుడు?"

"దంచుతున్నట్టు. రోట్ల దంచుతున్నట్టు."

ఆ మూల మట్టి ఎందుకు తీయొద్దన్నాడో ఇప్పుడు అర్థమైంది. అది ఆయనకు తమ్ముడి సమాధి. నేను ఆయన్ను ఇన్ని రోజులూ దొంగలా చూశాను. సిగ్గేసింది, కానీ ఆ సిగ్గుతో కూర్చునే తీరిక లేదు. సర్దార్ సిమెంట్ బస్తాలు గ్యాలరీ మొదట్లో దింపించాడు.

గోడలో నడుము ఎత్తున ఒక ఇనుప గొట్టం ఉంది. అవతల గ్యాస్ ఎంత ఉందో చూడటానికి కట్టినప్పుడే పెట్టారు. దాన్ని తెరిచే పిడి సర్దార్ దగ్గరే ఉంటుంది. నా దగ్గర నీళ్ల పైపులు బిగించే పానా ఉంది. నేనూ ఓదెలన్నా కలిసి తిప్పాం. మొదట కదలదనుకున్నాను. నిజానికి చాలా తేలిగ్గా తిరిగింది. కొత్తగా నూనె వేసి ఉంది.

గ్యాస్ మీటర్ గొట్టం ముందు పెట్టాను. ముల్లు కదల్లేదు. మంచి గాలి.

ఆ గాలితో పాటు వాసన వచ్చింది. ఎండుమిరపకాయ, వెల్లుల్లి, నూనెలో వేగుతున్న వాసన. ఎవరో పోపు పెడుతున్నారు.

ఓదెలన్న వెనక్కి రెండడుగులు వేసి గోడకు దండం పెట్టాడు. నేను గొట్టానికి నోరు ఆనించి, "ఎవరున్నరు?" అన్నాను.

చప్పుడు ఆగింది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు, దగ్గరగా:

"సర్దార్ సారేనా? బొగ్గు మొన్ననే నింపిచ్చినం గద. గింజలు ఇంక రాకపాయె."

ఆ బొగ్గు ఎటు పోతోందో అప్పుడు తట్టింది. మా దీపాలు, మా పంపులు నడిచేది బొగ్గు మీదే. ఈ ఏడు రెండో షిఫ్ట్ బాగా తవ్విందని సర్దార్ సభలో చెబితే అందరం చప్పట్లు కొట్టాం.

"నేను సర్దార్ను కాదమ్మా. ఈ దిక్కు గుమ్మడి మడులు చూసుకుంట. స్వరూప నా పేరు."

ఆ గొంతు మారిపోయింది.

"మమ్ముల పైకి ఎళ్లగొట్టనీకె వచ్చినవా?"

నమోదు 6. మార్గశిరం, అదే వారం

ఆమె పేరు కాంతవ్వ. గోదారి అవతలి గట్టు వాళ్లు. పోయిన ఫాల్గుణంలో, మూత వేసే ముందు మా మూతి దగ్గరికి వచ్చారు. ఆ సభలో నేనూ ఉన్నాను. పంట పోయింది, కొత్తవాళ్లను తీసుకోలేం అని తీర్మానం చేశాం. తర్వాత వాళ్లేమయ్యారో నేను అడగలేదు, ఎవరూ అడగలేదు.

సర్దారే వాళ్లను పాత పనిలోకి దింపాడట. కప్పు కూలినప్పుడు, గనిలో ఎవరూ తిరగని మూల నుంచి అటు దిగే ఏటవాలు సొరంగం ఒకటి తెరుచుకుందని ఆయనకొక్కడికే తెలుసు. గింజలు లోపలికి పోయేది, బొగ్గు బయటికి వచ్చేది రాత్రిళ్లు అందులోంచే. అగ్గి ఏనాడో ఆరిపోయింది. దాదాపు ఇరవై మంది, పిల్లలతో సహా, అక్కడే ఉన్నారు. మురుగు పోవడానికి వాళ్లు తవ్విన కాలువ వాలు మా గోడ వైపు ఉంది.

"సిమెంట్ కొట్టి కాలువ మూస్తడంట అంటున్నవు. మూస్తే మేం దాంట్లనే కూసోవాల్నా?" అంది కాంతవ్వ.

సర్దార్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి కూర్చోమన్నాడు. నేను నిలబడే అడిగాను.

"గ్యాస్ ఉన్నదని మాకు అబద్ధం చెప్పి, ఆళ్లను చీకట్ల పెట్టి బొగ్గు తవ్విస్తున్నవా సార్?"

"సభ వద్దన్నది. పిలగాండ్లు ఎండల నిలవడ్డరు. మూత ఎయ్యాలె. నువ్వైతే ఏం చేద్దువు?"

"సభల చెప్పకపోయినవా?"

"చెప్తే ఉండనిస్తురా?" ఆయన గొంతు పెరగలేదు. "గింజలు ఊకెనే యాడికెల్లి తేవాలె? కొట్టుల తగ్గితే ఎవలన్న అడుగుతరు. బొగ్గు పెరిగితే, దాని కూలి కింద గింజలు రాస్తే ఎవలడగరు. అందుకే బొగ్గు అడిగిన."

అది దయో, లాభమో నాకు ఇప్పటికీ తేలలేదు. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయేమో. అడిగిన ప్రతి మాటకూ ఆయన దగ్గర జవాబు ఉంది. అదే నాకు నచ్చలేదు.

"సభల చీటీ మొత్తం చదువుత," అన్నాను.

"చదువు," అన్నాడు. "ఆళ్లను పైకి పంపినంక రాత్రి నిద్ర పడ్తదేమో సూస్కో."

నమోదు 7. మార్గశిరం, సభ జరిగిన రోజు

మొత్తం చదివాను.

మొదటి మడి, రెండో మడి, మూడో మడి వరకు ఎప్పటిలాగే తలలూపారు. నాలుగో మడి దగ్గర, ఉప్పు ఎంతో, అది ఎక్కడి నుంచి వస్తోందో, అమోనియా అంటే ఏమిటో చెప్పాను. చివర్లో, "గోడ వెనక మనుషులున్నరు. మనం పోయినేడు వద్దన్నోళ్లు," అన్నాను.

గోల మొదలైంది. వంటశాల చూసే సుగుణక్క లేచింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పిల్లలకు సగం ముద్ద పెట్టింది ఆమె చేతులే.

"నా కుండల నేను సూసిన అడుగు ఇంకెవలు సూడలే. గీ ఏడు ఇంకో ఇరవై నోళ్లకు యాడికెల్లి పెట్టాలె? స్వరూపా, నువ్వు పెడ్తవా?"

"ఆళ్లు ఇప్పటికే తింటున్నరు సుగుణక్కా. బొగ్గు తవ్వి తింటున్నరు. నీ పొయ్యిల మండుతున్నది ఆళ్ల బొగ్గే."

అందరూ సర్దార్ వైపు తిరిగారు. ఆయన కాదనలేదు.

"ఇంకోటి," అన్నాను. "పైనుంచి వచ్చే యూరియా ఏటేట తగ్గుతున్నది. ఈసారి నాలుగో మడికి పిడికెడు గూడ అక్కర లేదు. ఆళ్ల మూత్రమే ఎరువైంది. ఊరికె ఊరితే ఉప్పు పేరుకుంటది. తొట్టిల పట్టి, మడికి తాపే నీళ్లల్ల పదింతలు పలచన చేసి పోస్తే నాలుగు మడులకూ సరిపోతది. ఇరవై నోళ్లు అని లెక్క పెడ్తున్నరు. ఆ ఇరవై మందే మడికి ఎరువు ఇస్తున్నరు, అది గూడ లెక్క పెట్టుండ్రి."

ఎవరో మూతి విరిచారు. ఆ మడి కాయ మేం ముట్టమన్నారు. ఇంకెవరో, మన మూత్రం ఎటు పోతోందని అడిగారు. చాలాసేపు ఇదే నడిచింది. ఉండనిద్దామనేవాళ్లు చేతులెత్తమంటే సగానికి తక్కువే లేచాయి. పంపేయాలి అన్నవాళ్లవీ సగానికి తక్కువే. మిగిలినవాళ్లు నేల చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు సర్దార్ లేచాడు. "నాలుగో మడి కాయ కోసేదాక ఉండనిద్దాం. ఎరువు ఆళ్లది, పంట దాక ఉండుట న్యాయం. కాయ కోసినంక పైకి పంపుదాం. మూత పడకముందే కోస్తం గద ఎప్పుడైన."

ఇది అందరికీ నచ్చింది. నేల చూసేవాళ్ల చేతులు కూడా లేచాయి. నాకు ఒళ్లు మండిపోయింది. తవ్వించుకుని, ఎరువు వేయించుకుని, కాయ చేతికి రాగానే ఎండలోకి తోసేయడం. ఆయన నా వైపు చూడనే లేదు.

నమోదు 8. మార్గశిరం, చివరి వారం

ఓదెలన్న గోడకు మొదటి దెబ్బ వేశాడు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. మనిషి పట్టేంత దారి అయ్యాక దీపం లోపలికి చాపి పిలిచాం.

ఎవరూ బయటికి రాలేదు.

కాంతవ్వ దారికి అవతల నిలబడింది. నాకంటే పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, చేతిలో బొగ్గు కొట్టే పిక్. వెనుక చీకట్లో పిల్లల కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"బయటికి పిలిచి పట్టుకపోయి పైన ఇడుస్తరు. నాకు తెల్వదా?"

"కాయ కోసేదాక ఉండుమన్నరు కాంతవ్వా."

"ఎవలు? మీ సభనా? పోయినేడు వద్దన్న సభనేనా?"

ఇన్ని వారాలుగా అందరినీ అనుమానించిన నేను, ఆమె అనుమానాన్ని ఏ నోటితో తప్పు పట్టను?

ఓదెలన్న గొంగడి భుజాన వేసుకుని నన్ను దాటుకుని లోపలికి పోయాడు. "మేం వస్తం నీ దిక్కు. నువ్వు మా దిక్కు వచ్చేదాక ఈడనే ఉంటం. మల్ల గోడ కడ్తే మాతో సహా కడ్తరు." నేనూ నా బట్టల మూట తెచ్చుకుని వెళ్లాను.

లోపల వాళ్లు నేల ఊడ్చి, బొగ్గు దిమ్మెలతో గదులు కట్టుకున్నారు. సొరంగం వైపు పొయ్యి. ఓదెలన్న తమ్ముడి జాడ కోసం అటూ ఇటూ చూస్తున్నాడు. కాంతవ్వకు అర్థమైనట్టుంది. దీపం తీసుకుని ఒక మూలకు నడిచింది. అక్కడ రాళ్లు పేర్చిన దిబ్బ ఒకటి, దాని మీద మసిపట్టిన గని టోపీ ఒకటి.

"మేం దిగిన నాడే దొరికిండు. ఎవల బిడ్డనో అనుకున్నం. మన్ను చేసినం. మా పెద్దాయన పిండం గూడ పెట్టిండు."

ఓదెలన్న ఆ దిబ్బ పక్కన కూర్చున్నాడు. ఏడవలేదు. రాళ్లను ఒక్కొక్కటే ముట్టుకున్నాడు.

మేము అక్కడ కొన్నాళ్లు ఉన్నాం. వాళ్ల పొయ్యి మీదే తిన్నాం. మొదట పిల్లలు వచ్చారు, మడులు చూడటానికి. తర్వాత వాళ్లను వెతుక్కుంటూ తల్లులు. కాంతవ్వ అందరికంటే చివర వచ్చింది. పిక్ చేతిలోనే ఉంది. నాలుగో మడి ముందు నిలబడి, అప్పుడే పాకుతున్న తీగను చూసి, "మాదేనా గీ మడి?" అంది.

"మీదే," అన్నాను.

"అయితే నీళ్లు నేనే పోస్త. మీరు ఎక్కువ పోస్తరు," అంది.

నమోదు 9. ఫాల్గుణం, మూత పడ్డాక

ఇన్ని రోజులు ఇక్కడ కూడా రాయని సంగతి ఇప్పుడు రాయొచ్చు. ఈ ఉదయం మూతి మూసేశారు.

తొట్లలో పట్టిన ఎరువు పలచన చేసి పోశాం. ఆకులు హద్దు మీరలేదు, ఎక్కడా మాడలేదు. రెండో మడి కాయ కుళ్లలేదు. మొదటి మూడు కాయలూ మాఘం చివర్లోనే కోశాం. సుగుణక్క వంటశాల నిండా ఒరుగులు ఎండుతున్నాయి. నాలుగో మడి కాయ అన్నిటికంటే పెద్దది.

గుమ్మడి పండిందో లేదో చూడాలంటే తొక్క మీద బొటనవేలి గోరు నొక్కాలి. దిగితే పచ్చి, దిగకపోతే కోయొచ్చు. మా దగ్గర ఆ మాట చెప్పేది నేనే. నేను చెప్పనిదే కత్తి పెట్టరు.

మాఘం అంతా నన్ను అడిగారు. "నాలుగోది కాలేదా స్వరూపక్కా?" నేను అందరి ముందూ గోరు పెట్టి, "ఇంకా లేదు," అనేదాన్ని. ఫాల్గుణం వచ్చింది. సుగుణక్క రోజూ వచ్చి, చేతులు కట్టుకుని, కాయను కాదు, నా బొటనవేలిని చూసేది. ఒకరోజు నేను లేనప్పుడు ఎవరో తొక్క మీద గోరు పెట్టి చూసిన సన్నటి గీత కనబడింది, లోపలికి మాత్రం దిగలేదు. ఎవరిదో అడగలేదు. మర్నాడు సుగుణక్క నన్ను పక్కకు పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు.

మూత వేసే ముందు రోజు సర్దార్ వచ్చాడు. అందరి ఎదుటే కాయను వేలితో కొట్టి విన్నాడు. పండిన కాయ ఎట్లా మోగుతుందో గనిలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు.

"ఏమంటవు స్వరూపా?"

"పచ్చిగున్నది సార్."

ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు. "గట్లయితే ఏం చేస్తం? మూత పడ్డంకనే కోద్దాం," అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. మార్గశిరంలో సభలో ఆయన ఎంచుకున్న మాటలు అప్పుడు నాకు మళ్లీ వినబడ్డాయి. కాయ కోసేదాక అన్నాడు. మూత పడేదాక అనలేదు. నేను ఆయన్ను ఆ రోజు తిట్టుకున్నాను. ఇప్పుడు కూడా పూర్తిగా నమ్మడం లేదు. గోడ తెరిచాక బొగ్గు తవ్వే పని ఆయన అందరికీ పంచాడు. నేను అడిగితేనే పంచాడు.

ఉదయం మూతి ఇనుప తలుపులు దిగుతుంటే కాంతవ్వ నా పక్కన నిలబడి, అవి పూర్తిగా ఆనుకున్న చప్పుడు వినేదాకా ఊపిరి బిగబట్టింది. ఆశ్వయుజం దాకా ఇక ఎవరూ పైకి పోలేరు, ఎవరినీ పంపలేరు.

రేపు నాలుగో మడి కాయ మీద గోరు నొక్కి చూస్తాను. దిగకపోవచ్చు.